కిలో బరువు బేరం

తుపాకిలో ఒక్క కిలో తగ్గించుకోవడానికి వేల డాలర్లు పోసే మనిషిని మన వైపు ఏమంటారో నాకు తెలుసు. మా ఆవిడ ఆ మాట అనలేదు గానీ అంతకంటే ఘాటైనదే అంది: "ఆ కిలో ఏదో మీ పొట్టలో తగ్గించుకోండి, పైసా ఖర్చుండదు." కొలరాడో కొండల్లో ఎల్క్ (అక్కడి పెద్ద దుప్పి) వేటకు తిరిగే ప్రతివాడికీ ఏదో ఒకనాడు ఇంట్లో తగిలే చురకే ఇది. నిజమే కూడా. కాకపోతే నడుం చుట్టూ ఉన్న కిలోని ఒళ్లంతా కలిసి మోస్తుంది. తుపాకిలో ఉన్న కిలోని మోసేది ఒక భుజమో, ఒక చెయ్యో. పదివేల అడుగుల ఎత్తున, పడిపోయిన చెట్లను ఒక్కొక్కటే దాటుకుంటూ పొద్దుటి నుంచి నడిచాక ఆ తేడా మణికట్టుకు బాగా తెలిసొస్తుంది. అందుకే ఈ ఏడాది నా కొలతలకు ఒక రైఫిల్ చేయించుకుంటున్నాను.

హైదరాబాద్‌లోనో గుంటూరులోనో కూర్చుని ఇది చదివేవారికి ముందే ఒక మాట చెప్పాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో షికారు రోజులు పోయాయి, పోవడమే మంచిదైంది. ఇక్కడ కొలరాడోలో పద్ధతి వేరు. ఏ కొండల్లో ఎన్ని ఎల్క్‌లను కొట్టొచ్చో రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఏటా తేలుస్తుంది, చాలాచోట్ల లాటరీ తీసి లైసెన్సులిస్తుంది. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేట శిక్షణ పాసైతే తప్ప లైసెన్సు రాదు. ఒంటి మీద 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు ఉండాలి. 2016 నుంచి మెరిసే గులాబీ కూడా చెల్లుతోంది. కొట్టిన జంతువు మాంసాన్ని అడవిలో పాడుచేసి వస్తే నేరం. మా ఇంట్లో గోంగూరలో పడేది చాలా నెలలు ఎల్క్ ఖీమానే. ఇంకో సంగతి, వీసా మీద ఉన్న మన కుర్రాళ్ల కోసం: వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి కొనడం, దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ చిక్కు లేదు.

ఇక అసలు విషయం. నేను ఎంచుకున్నది మీడియం బోర్. గుండు వ్యాసం సుమారు .33 నుంచి .375 అంగుళం దాకా ఉండే తరగతి ఇది. మన పోలీసుల త్రీ నాట్ త్రీ కంటే లావు, ఏనుగుల మీదికి తీసుకెళ్లే తుపాకుల కంటే సన్నం. అమెరికాలో ఇప్పుడిది చెల్లని సరుకు. సన్నటి పొడుగాటి గుండు, విపరీతమైన వేగం, అరకిలోమీటరు అవతల లెక్కలు కట్టి పేల్చే స్కోపు, ఇవీ ఇవాళ అమ్ముడుపోతున్నవి. లావు గుండును మధ్యరకం వేగంతో పంపే తూటాలంటే తాతల కాలం నాటివని ఒక చిన్నచూపు.

నాకు ఆ తాతల కాలమే ఇష్టమనుకోండి. ఆ ఇష్టం పుట్టింది కూడా తెలుగు నేల మీదే. బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ 1954లో వచ్చిన తన మొదటి పుస్తకంలో చామల లోయ పులి కథ రాశాడు. చామల అంటే భాకరాపేట వైపు అడవి, అప్పటి చిత్తూరు జిల్లా. మామండూరు మీద కూడా ఆయన కథ ఒకటుంది. చదువుకునే రోజుల్లో ఆ పుస్తకాలు చేతికందాక, రేణిగుంట దాటిన రైలు మామండూరు దగ్గరికి వచ్చేసరికి కిటికీ పక్క సీటు కోసం మా వాళ్లతో దెబ్బలాడేవాణ్ని. ఆండర్సన్ చేతిలో ఉండేది .405 వించెస్టర్, జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన 1895 మోడల్ లివర్ రైఫిల్. 1904లో వచ్చిన ఆ తూటా 300 గ్రెయిన్ల గుండును, అంటే మన లెక్కలో పందొమ్మిది గ్రాములు దాటిన సీసాన్ని, సెకనుకు 2,200 అడుగుల వేగంతో విసిరేది. మీడియం బోర్ గట్టును అది కాస్త దాటిందే.

ఆ రైఫిల్‌కి పేరుతో పాటు చెడ్డపేరు కూడా ఉంది. గాడిదలా తన్నుతుందని. కారణం తూటా ఒక్కటే కాదు, కర్ర కూడా. స్టాక్ బాగా కిందికి వంగి, మడమ దగ్గర ఇనుప తొడుగుతో ఉండేది. బ్యారెల్ గీతకు మడమ ఎంత కిందికి జారితే తుపాకి అంతగా పైకి లేచి చెంపను కొడుతుంది. స్టాక్ తిన్నగా ఉంటే అదే తన్ను నేరుగా భుజంలోకి వస్తుంది, కాస్త ఓర్చుకోవచ్చు. తేలిక తుపాకి చేయించుకోబోయేవాడు ఈ పాత సంగతిని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే వాడి ముందు దీనికంటే పెద్ద లెక్క ఒకటి ఉంది.

గుండూ మందూ కలిసి ఎంత ఊపుతో ముందుకు పోతాయో తుపాకి అంత ఊపుతో వెనక్కి వస్తుంది. బరువు తగ్గించినంత మాత్రాన ఆ ఊపు తగ్గదు, వెనక్కి వచ్చే వేగం పెరుగుతుంది. భుజానికి తగిలే శక్తి తుపాకి బరువుకు విలోమంగా ఉంటుంది. నాలుగు కిలోల రైఫిల్‌ని మూడు కిలోలు చేశామంటే, అదే తూటాకి తన్ను మూడోవంతు పెరిగినట్టే. ఎంత గొప్ప గన్‌స్మిత్ అయినా ఈ లెక్కలోంచి బయటపడలేడు.

రెమింగ్టన్ కంపెనీ 1965లో ఈ లెక్కకు ఎదురెళ్లింది. .350 రెమింగ్టన్ మాగ్నం అనే పొట్టి, బలమైన తూటా తయారుచేసి, మోడల్ 600 అనే బుల్లి రైఫిల్లో పెట్టింది. ఆరున్నర పౌండ్లు, అంటే మూడు కిలోల లోపు. బ్యారెల్ పద్దెనిమిదిన్నర అంగుళాలు. కాగితం మీద ఇంతకంటే మంచి అడవి తుపాకి ఉండదు. కొన్నవాళ్లు కొద్దిమందే, కొన్నేళ్లకే అది కేటలాగుల్లోంచి మాయమైంది. ఇప్పుడు మాత్రం పాత తుపాకులు సేకరించేవాళ్లు వాటి కోసం ఎగబడతారు. ఎగబడి కొన్నవాటిని పెద్దగా పేలుస్తారని నేననుకోను.

తేలిక రైఫిల్‌ని పద్ధతి ప్రకారం ఆలోచించినవాడు వెస్ట్ వర్జీనియాకు చెందిన మెల్విన్ ఫోర్బ్స్. 1980ల నడుమ ఆయన అల్ట్రా లైట్ ఆర్మ్స్ పెట్టేదాకా బరువు తగ్గించడమంటే పెద్ద తుపాకి తీసుకుని చెక్కడమే. బోల్టు పిడిలో రంధ్రం వేసేవారు, కర్ర లోపల డొల్ల చేసేవారు, ఉక్కును అక్కడక్కడా గీకేవారు. ఫోర్బ్స్ మొదటి నుంచీ చిన్నదే కట్టాడు. తూటా పొడవుకు తగ్గ యాక్షన్ (తూటాను ఎక్కించి పేల్చే యంత్రభాగం), దాని బరువు 20 ఔన్సులు, అందుకే పేరు మోడల్ 20. కెవ్లార్, గ్రాఫైట్‌తో గట్టి స్టాక్. మిగతావాళ్లు బ్యారెల్‌ని స్టాక్‌కి తగలకుండా ఎడం ఉంచుతుంటే, ఈయన స్టాక్ కొస దాకా బ్యారెల్‌ని ఆనించి కూర్చోబెట్టాడు. ఐదు పౌండ్ల రైఫిల్ కూడా కచ్చితంగా కొట్టగలదని అలా చూపించాడు. నేను చేయించుకుంటున్నది వేరే చోట, కానీ ఆలోచనలో చాలాభాగం ఆయనదే. ఒక్క విషయంలో మాత్రం విడిపోతాను. ఐదు పౌండ్లు నాకొద్దు.

నా కొలత ఒకటుంది. ఆ తుపాకితో ఒక మధ్యాహ్నం ఇరవై తూటాలు పేల్చాక, మర్నాడు కూడా రేంజికి వెళ్దామనిపించాలి. అలా అనిపించకపోతే అది ఇంట్లో పెట్టెలోనే ఉంటుంది, అక్టోబరులో నేరుగా అడవికొస్తుంది. అలాంటి తుపాకితో ప్రాణమున్న జంతువు మీద గురిపెట్టే హక్కు ఎవడికీ లేదని నా గట్టి అభిప్రాయం.

మొన్న రేంజిలో మన కుర్రాడొకడు కనిపించాడు, ఖమ్మం వైపు నుంచి వచ్చినవాడు. ఎవరో సలహా ఇచ్చారట, చాలా తేలికైన రైఫిల్లో పెద్ద మాగ్నం తూటా వేసుకుని తిరుగుతున్నాడు. "అన్నా, స్కోపు పోయినట్టుంది, ఎంత తిప్పినా గుండు కిందికే పోతోంది" అన్నాడు. తుపాకి నా చేతికిమ్మన్నాను. వాడికి కనపడకుండా మందులేని డమ్మీ తూటా ఒకటి ఎక్కించి ఇచ్చాను. వాడు గురి చూసి నొక్కాడు. టక్ మంది, అంతే. పేలుడు లేదు, తన్ను లేదు, అయినా బ్యారెల్ మూతి రెండంగుళాలు కిందికి వంగింది, వాడి కళ్లు రెండూ గట్టిగా మూసుకుపోయాయి. స్కోపు శుభ్రంగా ఉంది. తన్ను వస్తుందని ఒళ్లు ముందే ఎదురు తోస్తోంది. ఈ జబ్బు పట్టడానికి ఒక పూట చాలు, వదలడానికి ఏళ్లు పడుతుంది. మందు ఒక్కటే, చిన్న తూటాతో మళ్లీ మొదటి నుంచీ. వాడికి ఆ మాట నచ్చలేదనుకోండి, అది వేరే సంగతి.

కాబట్టి తూటా ఎంపికలో నా కళ్లెం ముందే పడిపోయింది. అభ్యర్థులు నలుగురు. 9.3×62ని బెర్లిన్ తుపాకుల తయారీదారు ఒట్టో బాక్ 1905లో రూపొందించాడు. ఆఫ్రికాలోని జర్మన్ వలస రాజ్యాలకు వెళ్లే రైతులు, వేటగాళ్లు మామూలు మౌజర్ 98 రైఫిల్లోనే పెద్ద జంతువులకు సరిపడే తూటా వాడుకోవాలని. అద్భుతమైన తూటా, యూరప్‌లో ఇప్పటికీ ఇంటి సరుకు. కొలరాడో పల్లెటూరి హార్డ్‌వేర్ షాపులో అడిగితే మాత్రం మొహం చూస్తారు. .35 వీలెన్ అంటే .30-06 తూటా కేసు (ఇత్తడి గొట్టం) మెడను వెడల్పు చేసి .358 గుండు కూర్చోబెట్టింది. 1922 నాటిది, కల్నల్ టౌన్‌సెండ్ వీలెన్ పేరు పెట్టారు. అరవై ఏళ్లకు పైగా చేతితో తూటాలు చేసుకునేవాళ్ల దగ్గరే ఉండిపోయింది, 1980ల చివర రెమింగ్టన్ ఫ్యాక్టరీ తూటాగా తెచ్చింది. .338-06 కూడా అదే కేసు, మెడ కాస్త సన్నం. దూరానికి అదే మేలు, నా మనసు చాలాకాలం దాని చుట్టూనే తిరిగింది.

చివరికి నాలుగోది నిలిచింది: .358 వించెస్టర్. 1955లో వచ్చింది, .308 కేసు మెడను వెడల్పు చేస్తే ఇది. పుట్టినప్పటి నుంచీ ఎవరూ పట్టించుకోని పిల్ల. కానీ నాకు కావలసిన గుణాలన్నీ దీనికే ఉన్నాయి. పొట్టి తూటా కనక పొట్టి యాక్షన్ చాలు, అక్కడే కొంత బరువు దిగుతుంది. వీలెన్‌తో పోలిస్తే మందు తక్కువ. ఒకే బరువున్న తుపాకిలో వీలెన్ తన్ను దీనికంటే సుమారు మూడోవంతు ఎక్కువ ఉంటుందని నా లెక్క. 225 గ్రెయిన్ల గుండు సెకనుకు 2,400 అడుగుల వేగంతో వెళ్తే, రెండు వందల గజాలకు గురి సరిచేసినప్పుడు మూడు వందల దగ్గర పది అంగుళాలకు పైనే కిందికి పడుతుంది. ఎడారిలో జింకల వేటకు ఇది చాలదు. నేను తిరిగే ఫ్లాట్ టాప్స్ వైపు, స్ప్రూస్ ఫర్ చెట్లు దట్టంగా కమ్ముకున్న చీకటి అడవిలో, ఎల్క్ కనపడితే అరవై గజాల్లో కనపడుతుంది, లేకపోతే వాసన తగిలి కొమ్మల చప్పుడు మాత్రం వినపడుతుంది. కొలరాడో చట్టం .24 అంగుళం బోరుకు, 85 గ్రెయిన్ల గుండుకు ఎల్క్ మీద అనుమతిస్తుంది. సన్నటి తూటాతో ఎల్క్ పడదని నేను వాదించను. దగ్గర్లో, అడ్డదిడ్డంగా నిలబడ్డ మూడు వందల కిలోల జంతువు మీద లావు గుండు లోతుగా, తిన్నగా పోతుంది, మాంసం నెత్తురు గడ్డలు కట్టి పాడవడం తక్కువ. వండేవాడికి ఇది చిన్న విషయం కాదు.

ఫ్యాక్టరీ తూటాలు దొరకడం కష్టమే. దానికి నాకు బెంగ లేదు. .308 ఖాళీ కేసులు ఎక్కడైనా దొరుకుతాయి. అంచు కోసుగా ఉన్న ఎక్స్‌పాండర్ మీద ఒక్కసారి నొక్కితే మెడ విచ్చుకుని .358 అవుతుంది. శీతాకాలం రాత్రులు గరాజులో కూర్చుని చేసుకునే పని, నాకు అదీ సరదాయే. కేసు అడుగున మాత్రం .308 అనే ఉంటుంది కనక డబ్బా మీద లేబుల్ పెద్ద అక్షరాలతో రాసుకోవాలి.

గుండు ఏది? జాన్ నోస్లర్ 1946లో బ్రిటిష్ కొలంబియాలో మూస్‌ని కొడితే, దాని ఒంటి మీద గడ్డకట్టిన బురదకే గుండు చితికిపోయి లోపలికి దిగలేదు. ఆ చిరాకులోంచి పుట్టింది నోస్లర్ పార్టిషన్: మధ్యలో రాగి గోడ, ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం గట్టిగా ఉండి ముందుకు తోస్తుంది. పూర్తి రాగి గుండ్లు ఇప్పుడు చాలామంది వాడుతున్నారు, కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం గుండ్లే నిషేధం. మాంసంలో సీసం తునకలు మిగలవన్నది రాగి గుండ్ల అసలు లాభం. ఇంట్లో పిల్లలున్నారు కనక నేనూ అటే మొగ్గుతున్నాను. రాగి సీసం కంటే తేలిక, అదే బరువుకు గుండు పొడుగవుతుంది, పొడుగు గుండు నిలకడగా ఎగరాలంటే బ్యారెల్ లోపలి గాడుల మెలిక బిగువుగా ఉండాలి. రెమింగ్టన్ పాత వీలెన్‌లకు పదహారు అంగుళాలకో చుట్టు పెట్టేది. నేను పన్నెండుకు ఒకటి అడిగాను.

ఇక్కడ మీడియం బోర్‌లో ఎవరూ చెప్పని చిన్న లాభం ఒకటుంది. బయటి కొలత ఒకటే అయినప్పుడు లోపలి రంధ్రం పెద్దదైతే ఉక్కు తగ్గుతుంది. ఇరవై రెండు అంగుళాల బ్యారెల్‌లో .308కి బదులు .358 తొలిస్తే సుమారు డెబ్బై గ్రాములు ఉచితంగా పోతాయి. పైగా లావు రంధ్రంలో మందు త్వరగా కాలుతుంది కనక బ్యారెల్ పొట్టిగా ఉన్నా వేగం పెద్దగా పడిపోదు. కార్బన్ ఫైబర్ చుట్టిన బ్యారెల్ వెయ్యమని అందరూ అంటున్నారు. లావుగా ఉంటూ తేలిగ్గా ఉండటం దాని ప్రత్యేకత. సన్నటి ఉక్కు బ్యారెల్ కంటే తేలికేమీ కాదు. నా డబ్బు దానికి పోదు.

గన్‌స్మిత్ దగ్గర ఎక్కువసేపు పట్టింది వీటిలో దేనికీ కాదు, స్టాక్ పొడవుకు. ట్రిగ్గర్ నుంచి మడమ చివరిదాకా ఫ్యాక్టరీలు పదమూడున్నర అంగుళాలో ఇంకాస్త ఎక్కువో ఇస్తాయి, నాకంటే పొడుగు మనిషిని మనసులో పెట్టుకుని. నేను ఐదడుగుల ఐదు. ఆయన నన్ను మామూలు చొక్కాలో కొలవలేదు. వేటకు వేసుకునే కోటు తెమ్మన్నాడు, లోపల ఉన్ని స్వెట్టరు, భుజాన బ్యాగు పట్టీలతో సహా. కళ్లు మూసుకొమ్మన్నాడు. మూసుకుని తుపాకి భుజానికెత్తి, చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవాలి. స్కోపులో గుండ్రటి బొమ్మ నిండుగా కనపడాలి, మెడ ముందుకో వెనక్కో జరపకుండా. మొదటి కర్రతో నల్లటి నెలవంక కనపడింది. ఆయన మడమ దగ్గర పలచటి పలకలు ఒక్కొక్కటీ తీస్తూ మళ్లీ మళ్లీ ఎత్తించాడు. పదమూడు దగ్గర బొమ్మ తెల్లగా నిండింది. ఆ మధ్యాహ్నం చేతులు పీకాయి గానీ, ఇంత కొలత పెళ్లి సూటుకు కూడా ఎవరూ తియ్యలేదు.

స్కోపు చిన్నదే, రెండున్నర నుంచి ఎనిమిది రెట్లు. కంటికీ అద్దానికీ మధ్య నాలుగంగుళాల ఎడం ఉండేది చూసుకున్నాను. తేలిక తుపాకి మీద ఆ ఎడం చాలకపోతే కనుబొమ మీద అర్ధచంద్రాకారపు గాటు పడుతుంది, అడవుల్లో తిరిగేవాళ్లలో చాలామంది మొహాన ఆ ముద్ర ఉంటుంది. ట్రిగ్గర్ రెండున్నర పౌండ్లు. తుపాకి తేలికయ్యే కొద్దీ ట్రిగ్గర్ కూడా తేలిక కావాలి, లేకపోతే నొక్కే వేలే మొత్తం తుపాకిని పక్కకు లాగేస్తుంది. సేఫ్టీ మూడు మెట్లది, మధ్య మెట్టులో బోల్టు తెరిచి తూటా తియ్యొచ్చు, ట్రిగ్గర్ మాత్రం కదలదు. ఇక్కడ బరువు గురించి బేరమాడలేదు.

స్కోపు, పట్టీ, నాలుగు తూటాలతో మొత్తం మూడు కిలోల పైచిలుకు తేలింది. ఇంకో అరకిలో తగ్గించొచ్చని ఆయన అన్నాడు. వద్దన్నాను. ఆయాసంతో గుండె చెవుల్లో కొట్టుకుంటుంటే, నిలబడి గురి పెట్టినప్పుడు ముందువైపు కొంత బరువు ఉండాలి. మరీ తేలికైన బ్యారెల్ మూతి ఈగలా తిరుగుతుంది.

మిగిలింది బ్రేక్ ఒక్కటే. బ్యారెల్ మూతికి బిగించే తొడుగు అది, వాయువును పక్కలకు మళ్లించి తన్ను తగ్గిస్తుంది. తగ్గిస్తుందన్నది నిజం. చెవుల్ని చితక్కొడుతుందన్నదీ నిజం. అడవిలో చెవులు మూసుకుని నడిచేవాడెవడు, ఎల్క్ జాడ తెలిసేదే చెవులతో. నాకొద్దన్నాను. ఇప్పుడు వద్దని రెండేళ్లకు భుజం నొప్పితో తిరిగొచ్చేవాళ్లు గన్‌స్మిత్‌కు చాలామంది తెలుసట. తర్వాత మరలు కోసుకునే వీలుండేలా మూతి దగ్గర బ్యారెల్ కాస్త లావుగా వదిలేస్తాను, అరవై గ్రాములు పెరుగుతుంది, పర్వాలేదా అన్నాడు. ఆ అరవై గ్రాములు ఎటూ ముందువైపే కావాలి నాకు. వదిలెయ్యమని సంతకం పెట్టి వచ్చాను.